పుల్ల గుచ్చే వేళ

సిరొంచల మే నెల.
మిషను పెడలు మీద కాలు మోపితే
ఇనుమే కాలు పట్టుకుంటది.

చంద్రాపూర్ల కొన్న పాత ఫ్రిజ్జు మాది.
తలుపు జారింది,
అంచుపట్టీ చుట్టి ముడేస్తే తప్ప మూతపడదు.
అయినా మా గల్లీకంతటికి
చలికాలం అందులనే ఉంటది.

పొద్దుగాల పిల్లలు గ్లాసులు తెస్తరు.
ఓదెలుది అంచు సొట్ట.
జనాబాయి గ్లాసు అడుగున
ఎవరి పెండ్లిలనో చదివించినోళ్ల పేరు.
జురుకు గ్లాసు లేదు,
దగ్గు మందు సీసా మూత తెచ్చిండు.
మొదటి దినం చూసి నవ్వినోళ్లకు
మామిడిది అయిపోయిందని చెప్పిన,
అబద్ధమే.

ప్రాణహిత ఇసుకల పండిన కర్బూజ,
గింజలు తీసి మెత్తగ పిసుకుతా.
నాటు మామిడి రసం
జాకెట్ల లైనింగుకు మిగిలిన మల్లు గుడ్డల వడగడతా.
చక్కెర కొంచెం ఎక్కువనే పడాలె,
సల్లబడితే తీపి సగం దాక్కుంటది.
ఈ సంగతి తెల్వక ముందు
సప్పటి ఐసు చీకి పిల్లలు
మర్యాదకు మంచిగున్నదన్నరు.

తునికి పండ్లు జురు తెచ్చినయి.
మూడు గొట్టంగ లేచి తల్లితోని ఆకుకు పోయి
అంగీల మూటగట్టి తెచ్చిండు.
తొక్క వగరు, లోపలంత బంక.
వేళ్లతోనే పిసికి
గింజలు లెక్కపెట్టిన, ఇరవై మూడు.
ఎందుకు లెక్కపెట్టిన్నో తెల్వదు.

"గారేగార్" అంటది జనాబాయి, బడి మాట.
"పుల్లైసు" అంటడు ఓదెలు, ఇంటి మాట.
మీ మాడియాల ఏమంటర్రా అని జురునడిగితే
"చీకుతే తెల్వదా" అన్నడు.

ఇగ పుల్ల కత.
వెదురు బద్ద చీల్చి నున్నగ గీకుతా.
ముందే గుచ్చితే ఒరుగుతది,
ఆలిశమైతే దిగదు.
పైన పొర వేలుకు తగలాలె,
కింద నీళ్లు ఇంక కదలాలె.
ఆ వేళ గడియారంల ఉండదు.
రెండు జేబులు కుట్టి
ఒక కాలరు తిప్పేసరికి అయితది.

ఆ దినం గూడ అట్లనే
కాలరు తిప్పి, లేచి, పుల్లలు గుచ్చిన.
జురు మూతల తల తీసిన అగ్గిపుల్ల.
పట్టీ ముడేసిన్నో లేదో
కరెంటు పోయింది.

ఫ్రిజ్జు ఒక్కపారి వణికి ఊకున్నది.
తలుపు తెరువొద్దు, ఉన్న సల్లదనం పోతదని
గుమ్మంల పిల్లలు
పెద్దోళ్ల లెక్క గుసగుస.
ఒంటిగంట.
రెండు.
ఏటి దిక్కు నుంచి గాలి గూడ రాలే.

కల్లంకాడ కట్టలు అప్పజెప్పి
ఆడోళ్లు తిరిగొచ్చిన్రు.
జురు తల్లి రైనీ మా గోడకు ఒరిగి కూసున్నది.
వేళ్లు పసరుకు నల్లగ.
డెబ్బై ఆకులకొక కట్ట,
ఆ లెక్క నోటికి కాదు, వేళ్లకే వచ్చు.

ఇగ పట్టీ విప్పిన.

గ్లాసులల్ల సగం గడ్డ, సగం రసం,
పుల్లలన్నీ తలో దిక్కు ఒరిగినయి.
ఎవ్వరు ఏడ్వలే. చెంచాలు వెతుక్కున్నరు.
ఓదెలు గ్లాసెత్తి తాగి
పంటికి తగిలిన ముక్కను కటకట నమిలిండు.

మందు మూత మాత్రం
వెనక మంచుగోడకు అతుక్కొని ఉన్నది.
గోటితోని పీకిన.
బొటనవేలంత తునికి,
రాయి లెక్క గట్టిగ,
అగ్గిపుల్ల నిటారుగ.

జురు అందరి దిక్కు ఒకపారి చూసి
తల్లికిచ్చిండు.

రైనీ దాన్ని ముందుగాల నోట్లె పెట్టలే.
నుదుటికి ఆనించింది. మెడకు.
కారుతుంటే అప్పుడు నాలికతోని అందుకున్నది.
"తునికేనా ఇది?" అన్నది.
మల్ల ఒకపారి చీకి
"తునికే" అన్నది.

కరెంటు రాత్రి ఎప్పుడో వచ్చింది.
తెల్లారి తలుపు తీస్తే
మా గడప మీద దగ్గు మందు మూతలు,
ఆరు, వరుసగ.
ఒకదానికి అంచు సొట్ట.